నాలుగో మాట మా అమ్మది

ఈ భాగంలో అసైన్డ్ భూముల గురించి రాస్తానని పోయిన వారం చెప్పాను. ఆ మాట తప్పుతున్నాను, మన్నించండి. గుడ్ ఫ్రైడేకి పది రోజుల ముందు మా పల్లె నుంచి వచ్చిన ఒక ఫోన్ నన్ను ఇంకేదీ రాయనివ్వడం లేదు.

ఫోన్ చేసింది మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టర్ గారు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. "అన్నా, వందనాలు. ఈసారి ఏడు మాటల్లో నాలుగో మాట మీరు చెప్పాలి. అమ్మగారు బతికున్నప్పుడు అడిగారంట, ఎప్పటికైనా మా పెద్దోడి చేత చెప్పించండి అని. సంఘ పెద్దలు గుర్తుచేశారు" అన్నాడు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద మా చర్చిల్లో ఏడుగురు మాట్లాడతారు. మొదటి మాట, తనని చంపుతున్నవాళ్లని క్షమించమని తండ్రిని వేడుకున్నది. నాలుగో మాట, నన్నెందుకు చెయ్యి వదిలేశావని అదే తండ్రిని నిలదీసింది. మొదటి మాట చెప్పడానికి అందరూ ముందుకొస్తారు. నాలుగోది మాత్రం ఎవరికో ఒకరికి అంటగట్టాల్సి వస్తుంది.

నేను ఆ చర్చి మెట్లెక్కి ఎనిమిదేళ్లు దాటింది. ఎందుకు మానేశానో ఈ వ్యాసాల్లో ఎప్పుడూ రాయలేదు. రాయకపోవడానికి ఒక కారణం కోర్టు కేసు. ఆ సంగతి కూడా చెబుతాను.

* * *

2017 జూన్‌లో మా తమ్ముడు చనిపోయాడు. వాడికి 26 ఏళ్లు. ఇంటర్ తప్పాక సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకర్ మీద డ్రైవరుగా చేరాడు. ఆ రోజు పని జిల్లా కేంద్రంలో ఒక అపార్ట్‌మెంటులో. అడుగున గట్టిపడిన మడ్డి పైపుకి అందడం లేదని కాంట్రాక్టర్ ఒక కుర్రాణ్ణి లోపలికి దింపాడు. ఆ కుర్రాడు పడిపోయాడు. వాణ్ణి లాగుదామని మావాడు దిగాడు. ఇద్దరూ శవాలై పైకొచ్చారు. నడుముకి తాడు లేదు, ముఖానికి మాస్కు లేదు.

రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలవల్లో, ట్యాంకుల్లో 1993 నుంచి చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. మీటింగుల్లో చెప్పేవాణ్ణి కూడా. కానీ మావాడు డ్రైవరే కదా, లోపలికి దిగడు కదా అనుకున్నాను. ఆ అనుకోవడం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ఎఫ్ఐఆర్‌లో ప్రమాదం అని రాశారు. సరైన సెక్షన్లు పెట్టేదాకా శవాన్ని తీసుకోం అని మేం కూర్చున్నాం. రెండు రాత్రులు గడిచాయి. జూన్ ఉక్క. మార్చురీలో ఫ్రీజర్ పనిచేయడం లేదు. అమ్మ తలుపు ముందు గోనె పట్టా పరుచుకుని కూర్చుంది. కుక్కలు వస్తే రాయి విసిరేది. ఇంటికి పోదాం రామ్మా అంటే, "నువ్వు పో నాయనా, నేను రాను" అనేది. మూడో రోజు సెక్షన్లు మార్చారు. అప్పుడు తీసుకొచ్చి పాతిపెట్టాం.

భూస్థాపన కూడికలో అప్పటి పాస్టర్ గారు మాట్లాడారు. తోటమాలి తోటలో మంచి పువ్వునే ముందు కోసుకుంటాడన్నారు. దేవుడి చిత్తం లేకుండా ఏదీ జరగదన్నారు. అంతా అయ్యాక అమ్మని పక్కకి పిలిచి, అపార్ట్‌మెంటు వాళ్లు, కాంట్రాక్టర్ కలిసి రెండు లక్షలు ఇస్తామంటున్నారు, కేసులు మనకెందుకమ్మా, క్షమించడం మన ధర్మం అన్నారు.

మా అమ్మ ఆయన ముందు ఎన్నడూ గొంతు ఎత్తింది లేదు. ఆ రోజు ఎత్తింది.

"అయ్యగారూ, నా బిడ్డని దేవుడు కోసుకుపోలేదయ్యా. దేవుడికి ఆ పీతిగుంటతో పనేంది? దించినోడు ఉన్నాడు. ఆడి పేరు నాకు తెలుసు. దేవుడి పేరు చెప్పి ఆడి పేరు చెరపమాకండి."

నేను ఆ ఆదివారం నుంచే చర్చి మానేశాను. అమ్మ మానలేదు. తెల్లారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకోవడం మానలేదు, ఆదివారం బల్ల దగ్గరికి పోవడం మానలేదు. ఆ నోటితో ఆ మాట అన్న మనిషి మళ్లీ అదే చర్చికి ఎట్లా పోగలిగింది? ఏడేళ్లు ఈ ప్రశ్న నన్ను తిన్నది. ఆమె 2024లో చనిపోయింది. సమాధానం మాత్రం నాకు ఈ మధ్యే కొద్దికొద్దిగా అర్థమవుతోంది. మీతో చెప్పాలనుకుంటున్నది అదే.

* * *

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. మన జనం బాధని దేవుడి చిత్తం అని ప్రకటించే బోధ, కర్మ సిద్ధాంతానికి తెల్ల చొక్కా తొడిగిన రూపమే. గత జన్మ పాపం అని అక్కడ చెబుతారు. ఇంట్లో ఏదో రహస్య పాపం ఉంది, విశ్వాసం చాలలేదు, దేవుడు పరీక్షిస్తున్నాడు అని ఇక్కడ చెబుతారు. రెండు చోట్లా దోషి ఒక్కడే, దెబ్బ తిన్నవాడు. రెండు చోట్లా కొట్టినవాడు హాయిగా ఇంటికి పోతాడు.

బాబాసాహెబ్ ఈ సంగతిని ఎప్పుడో పట్టుకున్నారు. క్రైస్తవంలోకి మారినవాళ్ల పరిస్థితి మీద ఆయన రాసిన వ్యాసం ఆయన పోయాక రచనల 5వ సంపుటంలో అచ్చయింది. అందులో మిషనరీల మీద ఆయన మోపిన నేరం సూటిగా ఉంటుంది. అంటరానివాడి పతనానికి కారణం అతని చుట్టూ ఉన్న సమాజమని చెప్పాల్సింది పోయి, అతని సొంత పాపమని నేర్పారని. దాంతో అన్యాయం మీద తిరగబడాల్సిన శక్తి చల్లారిపోయిందని. మన చర్చిలు ఈ వ్యాసాన్ని చదివి తల దించుకోవాలి. ఇప్పటికీ జవాబు చెప్పుకోలేని ప్రశ్న అది.

కానీ ఆ బోధ బైబిల్లోనే ఓడిపోయింది. యోబు కథ తీసుకోండి. పిల్లలు చచ్చిపోయి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషి దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు పక్కన నేల మీద ఊరికే కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక మాత్రం మన పాస్టర్ గారు చెప్పిందే చెప్పారు. నీలో ఏదో తప్పు ఉంటుంది, ఒప్పుకో అని. యోబు ఒప్పుకోలేదు. నాకు జవాబు చెప్పు అని దేవుడితోనే వ్యాజ్యం వేసుకున్నాడు. చివరి అధ్యాయంలో దేవుడు ఎవరి మీద కోప్పడ్డాడో చూడండి. తనని నిలదీసిన యోబు మీద కాదు, తనని వెనకేసుకొచ్చిన ఆ ముగ్గురి మీద.

యోహాను సువార్త 9వ అధ్యాయం కూడా అంతే. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడుగుతారు, పాపం చేసింది వీడా, వీడి అమ్మానాన్నలా అని. ఇద్దరూ కాదంటాడు యేసు. మన పల్లెలకి ఈ ఒక్క జవాబు చాలు. తరతరాలుగా మన గురించి ఊరు అడుగుతున్న ప్రశ్న అదే కదా!

* * *

అమ్మకి చదువు రాదు. పెళ్లయ్యాక మా పల్లెకి వచ్చే బైబిల్ స్త్రీ దగ్గర లాంతరు వెలుతురులో అక్షరాలు దిద్దుకుంది. ఆమె జీవితంలో చదివిన పుస్తకం అదొక్కటే. ఆ పుస్తకంలో ఆమెకి ఇష్టమైన మనిషి ఎవరో నాకు మార్చురీ దగ్గర తెలిసింది.

రెండో సమూయేలు గ్రంథం 21వ అధ్యాయంలో రిస్పా అనే ఆడమనిషి ఉంది. సౌలు రాజు ఉపపత్ని. రాజకీయ లెక్కలు తేల్చుకోవడానికి దావీదు రాజు సౌలు వంశంలో ఏడుగురిని శత్రువుల చేతికి అప్పగించాడు. వాళ్లలో ఇద్దరు రిస్పా కొడుకులు. ఏడుగురినీ కొండ మీద ఉరేసి వదిలేశారు. యవల కోత మొదలైన రోజులవి. ఆమె గోనెపట్ట తీసుకుపోయి ఆ బండ మీద పరుచుకుని కూర్చుంది. పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని శవాల మీదికి రానివ్వలేదు. వానలు పడేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు ఆ అధ్యాయంలో లేదు. కానీ ఆ కబురు రాజుదాకా పోయింది. రాజు దిగొచ్చి ఎముకలు ఏరించి, మర్యాదగా పాతిపెట్టించాడు.

రెండో రాత్రి నేను మళ్లీ ఇంటికి రమ్మంటే అమ్మ అన్నది, "రిస్పమ్మ కొండ మీద కూకోలా? నాకు ఆస్పత్రి వరండా ఉంది గదా."

ఇక్కడ నాకొక సంగతి తట్టింది. మన తెలుగు బైబిల్లో బాధకి వాడిన మాట శ్రమ. ఈస్టర్ ముందు నలభై రోజుల్ని శ్రమల దినాలు అంటాం. మన ఉద్యమాల్లో కూడా అదే మాట ఉంది. అక్కడ శ్రమ అంటే పని. అమ్మ ఆదివారం చర్చిలో, మేడే రోజు ఎర్రజెండా కింద ఒకే మాట విన్నది. ఆమెకి రెండూ ఒకటే. నాట్లేసి నడుం విరగడమూ శ్రమే, కొడుకుని పోగొట్టుకోవడమూ శ్రమే.

కానీ ఆలోచిస్తే శ్రమల్లో రెండు రకాలున్నాయి. ఒకటి, ఇంకొకడు మన నెత్తిన పెట్టేది. ఆకలి, అంటరానితనం, సెప్టిక్ ట్యాంకు. దీనికి అర్థం లేదు. దీనిలో దేవుడి ఉద్దేశం వెతకొద్దు. దీన్ని లేకుండా చేయడమే మన పని. రెండోది, మొదటిదాన్ని ఎదిరించి నిలబడినందుకు వచ్చే శ్రమ. స్టేషన్ చుట్టూ తిరగడం, కూలికి పిలవకపోవడం, సాక్షులు మారిపోవడం, వాయిదాలు. ఈ శ్రమకి అర్థం ఉంది, ఎందుకంటే దీన్ని మనం ఎంచుకున్నాం. శ్రమ ఓర్పునీ, ఓర్పు ఆశనీ పుట్టిస్తుందనే అర్థంలో పౌలు రోమా వాళ్లకి రాసిన మాటలు ఈ రెండో రకం గురించే అని నా నమ్మకం. ఆ రాసినవాడు దెబ్బలు తిని, జైళ్లు చూసిన మనిషి. చల్లని గదిలో కూర్చుని కూలివాడికి ఓర్పు బోధించిన మనిషి కాదు.

సిలువ కూడా రెండో రకమే. యేసు విధిరాత వల్ల చావలేదు, జబ్బు చేసి చావలేదు. రోమా గవర్నరు సంతకంతో, గుడి పెద్దల ఒత్తిడితో, ఊరి బయట, ఇద్దరు నేరస్తుల మధ్య అధికారికంగా చంపారు. ఊరి బయట అన్న ముక్క మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పనిలేదు. అమెరికా నల్లజాతి వేదాంతి జేమ్స్ కోన్ 2011లో ఒక పుస్తకం రాశాడు. సిలువనీ, నల్లవాళ్లని ఉరేసిన చెట్లనీ పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. అలా చూడని తెల్లచర్చి సిలువని అర్థం చేసుకోలేదన్నాడు. మన దగ్గర సిలువ పక్కన పెట్టి చూడాల్సినవి చాలా ఉన్నాయి.

* * *

మా ప్రకాశం జిల్లా చరిత్రే చూడండి. ఒంగోలు ప్రాంతంలో మాదిగల్లో మొదట బాప్తిస్మం తీసుకున్న వాళ్లలో తాళ్లకొండపాడు మనిషి యర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ల వ్యాపారం చేసేవాడు. అది 1866. పదేళ్లకి 1876-78 మహా కరువు వచ్చింది. బాప్టిస్ట్ మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని పెట్టాడు. బియ్యం కోసం మారారు అని మనల్ని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కరువు సాయం నడిచినన్నాళ్లూ అతను బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

వాళ్లకి దొరికింది ఓదార్పు ఒక్కటే అయితే ఊరికి అంత మంట ఎందుకు? చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. జాతరలకి డప్పు కొట్టమన్నారు, అంటే కొట్టబోమన్నారు. ఆదివారం వెట్టికి రామన్నారు. అందుకు కరణాలు, రెడ్లు దెబ్బలు కొట్టారు, బావులు మూశారు, పనులు మాన్పించారు. అంటే ఆ కొత్త నమ్మకం వాళ్ల బాధని వెంటనే తగ్గించలేదు, కొన్నాళ్లు పెంచింది కూడా. కాకపోతే రకం మారింది. నెత్తిన పెట్టిన బాధ పోయి, నిలబడినందుకు వచ్చిన బాధ వచ్చింది. ఆ తేడాలోనే మన ముత్తాతలు మొదటిసారి మనుషులయ్యామనుకున్నారు.

1985 జూలై 17 కారంచేడు. ఆరుగురు మాదిగల్ని చంపారు. చనిపోయినవాళ్లలో మోషే ఉన్నాడు, వందనం ఉన్నాడు. ముందురోజు చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదిరించిన ఆమె పేరు మున్నంగి సువార్తమ్మ. ఈ పేర్లు ఎక్కడివి? ఊరొదిలిన జనం చీరాల చేరి తలదాచుకున్నది చర్చి ఆవరణలో. బొజ్జా తారకం గారు, కత్తి పద్మారావు గారు నడిపిన దళిత మహాసభ పోరాటం ఆ శిబిరం చుట్టూ పెరిగింది. పగలు ఉపన్యాసాలు, రాత్రి ప్రార్థనలు. అక్కడున్న ముసలమ్మలకి ఆ రెండింటి మధ్య గొడవ కనిపించి ఉండదని నా ఊహ.

1991 ఆగస్టు 6 చుండూరు. ఎనిమిదిమంది. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. బాధితులు వాళ్లని ఊరి నడిబొడ్డున పాతిపెట్టి ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. కోర్టే మా ఊరికి రావాలని పట్టుబట్టి రప్పించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. లూకా సువార్తలో అన్యాయపు జడ్జి తలుపు విడవకుండా కొట్టిన విధవరాలి కథ ఉంది. ఆ కథలో జడ్జి చివరికి విసిగిపోయి తీర్పు ఇస్తాడు. మన దగ్గర జడ్జీలు అంత తొందరగా విసగరు. అయినా తలుపు కొట్టడం ఆపని ఆడవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. ఆశ అంటే నాకు తెలిసిన రూపం అదే. గెలుస్తామన్న లెక్క కాదు, తలుపు కొట్టే హక్కు నాది అన్న తెలివిడి.

* * *

ఇప్పుడు కోర్టు కేసు సంగతి. తమ్ముడి కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షను కూడా పెట్టించాం. విచారణకి అధికారి ఇంటికి వస్తాడని తెలిసిన రోజు బంధువులు కంగారుపడ్డారు. గోడ మీద యేసు క్యాలెండర్ తీసేశారు. తలుపు మీద వాక్యం స్టిక్కర్ గీకేశారు. అమ్మ తన బైబిల్‌ని గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో అడుగుకి తోసింది. అధికారి వచ్చి మొదట అడిగింది తమ్ముడు ఎట్లా చచ్చిపోయాడని కాదు. "మీరు కన్వర్టెడ్ అంట కదా?" అని.

ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా. హిందువు కానివాడు ఎస్సీ కాడన్నారు. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని బయటే ఉంచారు. మారినవాడు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సీ, ఒక్క శాతం కోటా. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసేయమని 2007లోనే సిఫార్సు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాడికి అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. కులం పేరుతో తిట్టేవాడు నీ మతం అడిగి తిట్టడు. ట్యాంకులోకి దింపేవాడు నీ బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి దింపడు. న్యాయం అడిగేటప్పుడే మతం అడుగుతారు.

ఏ నమ్మకం ఆమెని మార్చురీ ముందు కూర్చోబెట్టిందో, ఆ నమ్మకాన్ని కేసు కోసం బియ్యం డ్రమ్ములో దాచాల్సి వచ్చింది. తమ్ముడి సమాధి మీద సిలువ పెట్టలేదు. ఎవరైనా ఫోటో తీసి కోర్టులో పెడతారేమోనని. ఏడేళ్లు ఆ మట్టి దిబ్బ అట్లాగే ఉంది. అమ్మ పోయినప్పుడు పక్కనే పెట్టాం, ఆమెకీ సిలువ పెట్టలేదు. పరిహారం 10 లక్షలు రెండున్నరేళ్లకి వచ్చింది. క్రిమినల్ కేసు ఆమె పోయిన ఏడాదే కొట్టేశారు. సాక్షులు తిరిగారు. అప్పీలుకి వెళ్లాం, అది నిర్లక్ష్యం వల్ల మరణం అన్న సెక్షన్ మీద మాత్రమే. అందుకే ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను.

* * *

మన మిత్రుల్లో కొందరు అడుగుతారు, అంబేద్కరిస్టువి అయ్యుండి ఈ చర్చి గోలేంటన్నా అని. న్యాయమైన ప్రశ్నే. రోహిత్ వాళ్లమ్మ రాధిక గారు, అన్నదమ్ముడు రాజా 2016 ఏప్రిల్ 14న ముంబైలో బౌద్ధం తీసుకున్నారు. ఆ దారిని నేను గౌరవిస్తాను. అందరూ చర్చికి పొమ్మని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేనే పూర్తిగా తిరిగి పోలేదు. మన చర్చిల్లో కులం ఉంది, మాల మాదిగ పోట్లాటలు ఉన్నాయి, అగ్రకులం నుంచి వచ్చిన క్రైస్తవులకి వేరే వరసలు, వేరే సంబంధాలు ఉన్నాయి. స్వస్థత సభల పేరుతో కూలి డబ్బు లాక్కునేవాళ్లున్నారు. వాళ్లమీద నా రాతలు ఆగవు.

నేను చెప్పేది చిన్న మాట. మతం మత్తుమందు అని మీరు మా అమ్మకి చెప్పబోతే, మత్తులో ఉన్న మనిషి ఏడేళ్లలో ఒక్క వాయిదా కూడా తప్పకుండా ఎట్లా పోయిందో కూడా మీరే చెప్పాలి. ఆమెకి మార్క్స్ తెలియదు, బాబాసాహెబ్ ఫోటోకి దండం పెట్టేది. కానీ మీటింగు అయిపోయి మనం ఇళ్లకి పోయాక, తెల్లారుజామున నాలుగింటికి ఆమె పక్కన ఎవరున్నారు? మనం లేం. ఆ ఖాళీలో ఆమె ఒకడితో మాట్లాడుకుంది. చెట్టుకి కొట్టిన మనిషి, చేతుల్లో గాయాలున్న మనిషి. తిరిగి లేచాక కూడా గాయాలు మానకుండా తోమాకి చూపించిన మనిషి. ఆ దేవుడు ఆమెకి నీ తప్పేం లేదని చెప్పాడు. లేచి పో అని చెప్పాడు. మన ఉద్యమం కూడా చెప్పాల్సింది అదే కదా. విద్యార్థి మిత్రులారా, మీ హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్నవాడికి ఆ మాట మనం రాత్రి పూట చెబుతున్నామా? చెప్పకపోతే వాడి ప్రార్థనని ఎగతాళి చేసే హక్కు మనకి లేదు.

* * *

గుడ్ ఫ్రైడే రోజు వెళ్లాను. పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను పెద్దగా ఏమీ చెప్పలేదు. మొదటి మాటని ఎప్పుడూ మన చేతే చెప్పిస్తారు, నాలుగో మాటని మన నోట రానివ్వరు అన్నాను. యేసు క్షమించమని అడిగింది ఎవరో డబ్బు సంచి పట్టుకుని మధ్యవర్తిత్వానికి వస్తే కాదు అన్నాను. దేవుడి కొడుకే ఎందుకు వదిలేశావని గట్టిగా అరిచాడు, కాబట్టి అరవడం అవిశ్వాసం కాదు, అదీ ప్రార్థనే అన్నాను. మార్చురీ ముందు మా అమ్మ రెండు రాత్రులు చేసింది ఆ ప్రార్థనే అన్నాను. తర్వాత గొంతు రాలేదు. దిగిపోయాను.

బయట చెప్పులేసుకుంటుంటే తమ్ముడితో పాటు చనిపోయిన ఆ కుర్రాడి తల్లి వచ్చింది. ఆమె అప్పట్లో రెండు లక్షలకి రాజీపడింది. ముగ్గురు ఆడపిల్లలు, అప్పులు. ఆమెని నేను లోలోపల చాలాకాలం తప్పుపట్టాను. నా చెయ్యి పట్టుకుని, "నేను గూడా అరిచానయ్యా, ఎవురికీ ఇనపడకుండా" అన్నది. నా తీర్పులు నాకు అప్పుడు సిగ్గనిపించాయి. నిలబడలేకపోయినవాళ్ల శ్రమ కూడా ఆ నాలుగో మాటలో ఉందని నాకు తట్టలేదు. అమ్మకి తట్టేది.

ఈస్టర్ తెల్లారుజామున మా దగ్గర సమాధుల దగ్గరికి పోతారు. సున్నం కొడతారు, పూలు పెడతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈసారి నేనూ, ఆమె, పాస్టర్ తమ్ముడు కలిసి మూడు సిలువలు పాతాం. సిమెంటువి, తాపీమేస్త్రి మా పల్లెవాడే, కూలి తీసుకోలేదు. పేర్లు నల్ల రంగుతో రాశాం. కావాలంటే ఎవరైనా ఫోటో తీసుకోవచ్చు.

అప్పీలు వాయిదా వచ్చే నెలలో ఉంది. వెళ్తున్నాను. అమ్మ బైబిల్ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పేజీల మధ్య ఇంకా బియ్యపు గింజలు దొరుకుతున్నాయి.

వచ్చే వారం తప్పకుండా భూముల గురించి.

జై భీమ్.